నార్వే బాబాయి చూపుపరీక్ష

మా నార్వే బాబాయికి ఉన్న దురలవాటు ఒక్కటే: చదివిన నవలనే మళ్ళీ చదవడం. అందులో వింతేమున్నదని మీరనవచ్చును. చదివిన ప్రతిసారీ ఈమారు కథ మరొక విధంగా ముగుస్తుందని ఆయన మనస్ఫూర్తిగా నమ్మేవాడు. వింత అక్కడున్నది. అచ్చయిపోయిన పుస్తకం మారదు గదా అని నేను నచ్చజెప్పబోతే, "అచ్చయింది పుస్తకం మాస్టారూ, మనుషులు కాదుగా" అనేవాడు. ఇరవై ఎనిమిదేళ్ళు గ్రంథపాలకుడిగా పనిచేసి కూడా ఆ మాటకు తగిన సమాధానం నాకు ఏ బీరువాలోనూ దొరకలేదు.

ఆయన నార్వే దేశస్థుడు కాడు. ఆ దేశాన్ని చూసినవాడూ కాడు. మా గ్రంథాలయం వెనుక సందులో కళ్ళజోళ్ళ దుకాణం ఆయనది. ముందుగదిలో అద్దాలు సానపట్టే చక్రం, ఒక బల్ల, రెండు కుర్చీలు. వెనుకగదిలో ఒక మంచం, ఒక పొయ్యి, ఒక కంచం, ఒక గ్లాసు. ముందుగది కుర్చీలలో రెండవది వచ్చినవారి కోసం. ఎవరూ రానినాడు దానిమీద పుస్తకం కూర్చునేది. ఊరంతా ఆయనను బాబాయి అనే పిలిచేది. అలా పిలవడానికి అసలు హక్కున్న అన్నకొడుకు గాని అన్నకూతురు గాని ఒక్కరైనా ఉన్నట్టు నేనెరుగను.

ఆ నవలలు వ్రాసినవాడు వెనుకటి తరాల నార్వే రచయిత. ఆయన పేరు సరిగా పలకాలంటే నాలుకను రెండు మడతలు పెట్టి చివర ఒక తుమ్ము కలపాలి. అంత వ్యాయామం మా ఇద్దరికీ పడదు గనుక "ఆ మహానుభావుడు" అని సరిపెట్టుకునేవాళ్ళం. మన భాషలోకి వచ్చిన ఆయన నవలలు ఆరు. ఆరింటిలోనూ ఒకటే రేవు, ఒకటే మంచు, ఒకటే చేపల వాసన. ఆరవ నవల చివర దీపస్తంభం కాపలాదారు పెద్దకూతురు నల్లకోటు వేసుకుని ఓడ ఎక్కి వెళ్ళిపోతుంది. ఆమెను వలచిన వలలల్లేవాడు ఒకడున్నాడు. "ఉండిపో" అని వాడు ఒక్కమాట అంటే ఆమె ఆగిపోవును. రెండువందల పన్నెండు పేజీలలో వాడా మాట అనడు.

ఆరు నవలలూ ఒక చుట్టు తిరగడానికి బాబాయికి మూడు నెలలు పట్టేది. చుట్టు ముగిసిన రోజున ఆరవ పుస్తకం చంకన పెట్టుకుని వచ్చి, నా బల్ల ఎదుట నిలబడి, కళ్ళజోడు తీసి తుడుచుకునేవాడు. ఆ తుడవడంలోనే ఫలితం తెలిసిపోయేది. అయినా మర్యాద కోసం అడిగేవాణ్ణి.

"ఎక్కిందా?"

"ఎక్కింది, మాస్టారూ."

"పోనీలే. ఈసారి చూద్దాం."

"ఈసారి రేవులో ఒక్క క్షణం వెనక్కి తిరిగినట్టే అనిపించింది. నాకే అనిపించిందో, నిజంగానే తిరిగిందో."

గ్రంథాలయం మీది గదిలోనే నా కాపురం. కాపురమంటే నేనూ, ఒక గోడగడియారమూ. కొన్ని వారాలలో నేను మరొక మనిషితో ఆడిన మాటలన్నీ కలిపినా ఈ సంభాషణంత పొడవు ఉండేవి కావు. కనుక ఆ పిల్ల ఓడ ఎక్కడంలో నాకు కొంత స్వార్థం కూడా ఉండేదని ఒప్పుకోవాలి. ఆదివారాలు ఆయన దుకాణమూ మూసివుండేది, నా గ్రంథాలయమూ మూసివుండేది. పదిగంటల వేళ ఆయన గ్రంథాలయం ముందుగా నడిచిపోయేవాడు, తాళాన్ని చూసి ఏదో పనిమీద పోతున్నవాడివలె. నేను కిటికీలో నిలబడి పూలకుండీకి నీళ్ళు పోసేవాణ్ణి, ఏదో పనిలో ఉన్నవాడివలె. ఆ కుండీలో మొక్క లేదు.

ఈ పిచ్చికి అంకురార్పణ చేసినవాణ్ణి నేనేనని బాబాయి పదకొండేళ్ళుగా నిందించేవాడు. అందులో కొంత నిజమున్నది. ఆ ఆరు నవలలకూ నేను అంకెల చీటీలు తలకిందుల వరుసలో అంటించాను. మొదటిది ఆరు, ఆరవది ఒకటి అయినవి. ఆయన జీవితంలో మొట్టమొదట చేతబట్టిన నవల అదే, "1" అని చూసి పట్టుకుపోయిన ఆరవది. ఆమె ఎవరో తెలియకముందే ఆమె వెళ్ళిపోయింది. మరునాడు వచ్చి, "ఈవిడెవరండీ? ఎందుకు వెళ్ళిపోయింది?" అని దొంగతనం ఫిర్యాదు చేయవచ్చినవాడివలె అడిగాడు. మిగిలిన అయిదింటినీ ఆ కారణం వెతకడానికే చదివాడు.

"మీకు చత్వారం వచ్చింది మాస్టారూ. రండి, చూస్తాను" అనేవాడు. అది దృష్టిలోపం కాదనీ, పని ఒత్తిడి అనీ నేను వాదించేవాణ్ణి. మా నాన్నగారు వదిలిపోయిన భూతద్దం ఒకటి నాకున్నది. దానితో పని గడుస్తున్నది. పుస్తకాల చీటీలు దూరంగా పట్టుకుని చదవడం నా పద్ధతి, లోపం కాదు.

ఒకనాడు బాబాయి దుకాణం తలుపుకు అట్ట వేలాడింది: "దగ్గరివారు పోయినందున సెలవు." ఊరు కదిలింది. ఎవరూ లేరనుకున్న మనిషికి దగ్గరివారున్నారన్న సంగతి, వారు పోయిన తరువాత తెలిసిందని నొచ్చుకుంటూ రొట్టెల బట్టీ అక్కయ్యగారు, ఎదుటి దర్జీ, పోస్టుమాను తలుపు తట్టారు. ఆయన తలుపు తీశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నవి.

"ఎవరు పోయారు బాబాయ్?" అని అక్కయ్యగారు మెల్లగా అడిగారు.

"రేవు పెద్దాయన."

"అయ్యో. ఎప్పుడు?"

బాబాయి వేళ్ళు మడిచి లెక్కచూసుకున్నాడు. "నూట పాతికేళ్ళు అవుతుందనుకుంటానమ్మా."

నాలుగవ నవలలో పోయినవాడాయన. దర్జీ తల కొట్టుకుని వెళ్ళిపోయాడు. అక్కయ్యగారు మాత్రం, తెచ్చిన రొట్టె వెనక్కి తీసుకుపోవడం బాగుండదని ఇచ్చి, ఆయన ఎలా పోయాడో అడిగి తెలుసుకుని, తానూ కొంచెం కళ్ళొత్తుకుని వెళ్ళినట్టు తరువాత విన్నాను.

ఇంతవరకు ఆ పిచ్చి ఆయన సొంతం. దానిని ఊరికి అంటించిన ఘనత ఆయన చూపుపరీక్షది.

కళ్ళజోళ్ళ దుకాణాలలో గోడకు పెద్దక్షరాల అట్ట ఒకటి వేలాడుతుంది గదా. బాబాయి దుకాణంలోనూ ఉండేది. దూరపు చూపుకు దానినే వాడేవాడు. దగ్గరి చూపు పరీక్షకు మాత్రం ఆరవ నవల కావలసినదే. చత్వారం వచ్చినవారు ఎవరైనా ముందు నా దగ్గరకు రావాలి, సభ్యత్వం తీసుకోవాలి, తమ కార్డు మీద ఆ పుస్తకం తెచ్చుకోవాలి, ఆయన కుర్చీలో కూర్చుని ఒక పేజీ పైకి చదవాలి. ఒకరికి ఒక పేజీ. ఒకరు ఎక్కడ ఆపితే తరువాతివారు అక్కడ ఎత్తుకోవాలి. చదువుతూ ఉండగా ఆయన ఫ్రేములో అద్దాలు మార్చేవాడు. పేజీ అయ్యేసరికి నంబరు కుదిరేది. సాయంత్రానికి పుస్తకం నాకు తిరిగి వచ్చేది. సభ్యత్వం లేనివారికి అద్దాలు తయారైనా చేతికిచ్చేవాడు కాడు.

పళ్ళడాక్టరు ఒకమారు నా దగ్గర మొరపెట్టుకున్నాడు. "నేను పన్ను పీకేముందు ఎవరి చేతైనా నవల చదివిస్తున్నానా సార్? ఈయనకిదేం రోగం?" అన్నాడు. అంటూనే కార్డు నింపాడు.

కథ ఈ విధంగా ఊరి మీద ముక్కలుగా పడింది. పోస్టుమాను ఉత్తరమిస్తూ, తన పేజీ చివర సగంలో ఆగిన వాక్యం సంగతి అడిగేవాడు. ఎవరికీ తమ పేజీకి ముందేమి జరిగిందో తెలియదు, తరువాతేమి జరిగిందో అంతకన్నా తెలియదు. మొత్తం తెలిసినవాడు ఊరిలో ఒక్కడే. ఆయన చెప్పడు. "మీ కార్డే కదా, తీసుకుని చదువుకోండి" అనేవాడు. వాళ్ళు నవ్వి వెళ్ళిపోయేవారు. ఎవరూ తీసుకోలేదు.

ఒక్కరిని మాత్రం ఈ లెక్కలో చేర్చకూడదు. మూడో అంతస్తు పిన్నిగారని, ఓడల కంపెనీ కార్యాలయంలో టైపు చేసి చేసి విశ్రాంతి తీసుకున్న పెద్దావిడ, ఒంటరి మనిషి. ప్రతినెలా మొదటి శనివారం నాడు వచ్చి, ఆ మహానుభావుడి అర ముందు నిలబడి, ఏదో ఒక నవల తీసి, పేజీలు తిరగేసి, వెనుక అట్టలోని తేదీల చీటీ చూసి, యథాస్థానంలో పెట్టి వెళ్ళిపోయేవారు. ఎన్నడూ ఇంటికి తీసుకుపోలేదు. తేదీల చీటీ చదవడానికి గ్రంథాలయానికి వచ్చే పాఠకురాలు నా అనుభవంలో ఆవిడ ఒక్కరే. నలుగురు నాలుగు రకాలని ఊరుకున్నాను.

గత సంవత్సరం ఒక తనిఖీ అధికారి వచ్చాడు. పుస్తకాలు పెరిగి అరలు చాలడం లేదనీ, రెండేళ్ళలో సరైన పాఠకులు లేని రచయితలను ఏరివేసి కాగితపు మిల్లుకు పంపవలసినదనీ ఉత్తర్వు. మనిషి చెడ్డవాడు కాడు, నావలెనే పద్ధతిమనిషి. పద్దుల పుస్తకం తిరగేసి ఆరవ నవల దగ్గర ఆగాడు.

"రెండేళ్ళలో రెండువందల ఆరుగురు తీసుకున్నారు. అందరూ పొద్దున తీసుకుని సాయంత్రం ఇచ్చేశారు. ఇదెలా సాధ్యమండీ?"

అబద్ధమాడడం నాకు చేతకాదు. చూపుపరీక్ష సంగతి చెప్పాను. ఆయన కలం మూత పెట్టాడు. తరువాత చెప్పినదాని సారాంశం ఇది: ఒక పేజీ చదివినవాడు పాఠకుడు కాడు. ఇది లెక్కను ఉబ్బించడమే. వచ్చే శనివారం ఆ పాఠకులలో ఒక పదిమందిని పిలిపిస్తే తాను స్వయంగా కథ అడుగుతాడు. బాబాయి కాక ఒక్కరు చెప్పినా సరే. లేదంటే ఆరు నవలలూ మిల్లుకు పోతవి.

బాబాయికి ఈ వార్త నేనే మోసుకుపోయాను. ఆయన సానచక్రం ఆపాడు. చేతులనిండా అద్దాలకు మెరుగుపెట్టే ఎర్రపొడి. చాలాసేపు ఆ చేతులనే చూసుకున్నాడు.

"మనం కొనుక్కుందామయ్యా, నీ ఇంట్లో పెట్టుకో" అన్నాను.

"నా దగ్గరుంటే సరిపోదు మాస్టారూ. అరలో ఉండాలి. తేదీలు పడుతుండాలి" అన్నాడు.

ఎందుకని అడిగాను. చక్రం మళ్ళీ తిప్పాడు. అందులో అద్దం లేదు.

శనివారం వచ్చింది. నేను పదిమందికి కబురు పంపాను. మా పఠనమందిరంలో తొమ్మిది కుర్చీలు. అన్నీ ఒకేమారు నిండగా నేనెన్నడూ చూడలేదు గనుక పదవ కుర్చీ గురించి ఆలోచించలేదు. తొమ్మిదిగంటలకు తలుపు తీసేసరికి మెట్లమీద అరవైమంది ఉన్నారు. కొత్త కళ్ళజోళ్ళు, పాత కళ్ళజోళ్ళు, తాడు కట్టినవి, ముక్కు చివరకు జారినవి. అంతమంది అద్దాలలో ఉదయపు వెలుతురు పడి నా కళ్ళు చెదిరినవి. ఇంతమంది ఎందుకు వచ్చారని దర్జీని అడిగితే, "తర్వాతి పేజీవాళ్ళు వస్తారని విన్నామండి" అన్నాడు.

అధికారి ముందుగా పళ్ళడాక్టరును లేపాడు. చదువుకున్నవాడని కాబోలు.

"కథ చెప్పండి."

డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "లైట్‌హౌస్‌కి తొంభై ఏడు మెట్లండి. కాపలా ముసలాయన మోకాళ్ళనొప్పితో ఎక్కుతున్నాడు. అరవై మూడో మెట్టు దగ్గర కూలబడ్డాడు. అక్కడితో నా పేజీ అయిపోయింది. పద్నాలుగు నెలలైంది సార్. నేను ఎవరి నోట్లో చూస్తున్నా ఆ ముసలాయన అక్కడే కూర్చుని ఉన్నాడు."

వెనుకనుండి పోస్టుమాను లేచాడు. "పైకి చేరాడు డాక్టరుగారూ. నా పేజీ మొదట్లోనే చేరాడు. దీపం కూడా వెలిగించాడు."

"చేరాడా?" అని డాక్టరు ఒక్కమారుగా కుర్చీలో వాలిపోయాడు. "ముందే చెప్పొచ్చు కదయ్యా. వారానికి మూడుసార్లు మా ఇంటికి వస్తావు."

"మీరు ముందు పేజీ అని నాకేం తెలుసండీ."

అటుపైన అధికారి అడగవలసిన అవసరం లేకపోయింది. దర్జీ లేచి, తన పేజీలో ఆ పెద్దమ్మాయి నల్లకోటుకు మూడవ బొత్తాం ఊడిపోయిందనీ, అంత చలిలో ఆ పిల్ల ఎలా ఉన్నదోనని తనకు ఏడాదిగా మనసు కుదురుగా లేదనీ చెప్పాడు. "కుట్టుకుంది తమ్ముడూ, నా పేజీలో కుట్టుకుంది. సూది మాత్రం చెల్లెలిది" అని రొట్టెల అక్కయ్యగారు ఊరడించారు. దారం ఏ రంగని దర్జీ అడిగాడు. అక్కయ్యగారికి జ్ఞాపకం లేదు. ఆ విషయంలో ఆయన ఆమెను నేటికీ క్షమించలేదు. ఒకరు వలలవాడి జ్వరం తెచ్చారు, ఇంకొకరు తగ్గించారు. ఒకరి పేజీలో మూసిన తలుపు మరొకరి పేజీలో తెరుచుకున్నది. మధ్యాహ్నం దాటింది. నా గ్రంథాలయంలో "నిశ్శబ్దం" అని వ్రాసిన అట్ట ఒకటున్నది. దానిని ఎవరో గోడవైపు తిప్పారు. విచారించగా అది నేనేనని తెలిసింది.

కథ రేవుకు వచ్చి నిలిచింది. పెద్దమ్మాయి పెట్టె పట్టుకుని నిచ్చెన ముందు నిలబడింది. రెండువందల ఆరవ పేజీ. దాని యజమాని బస్సు కండక్టరు చేతులు చాచి, "నాది ఇంతే" అన్నాడు. తరువాతి పేజీవారి కోసం అరవైమందీ ఒకరి ముఖమొకరు చూసుకున్నారు. ఎవరూ లేవలేదు.

"మిగిలిన ఆరు పేజీలో?" అని అడిగినది అధికారే. ఆయన ఎప్పుడో కలం పక్కన పెట్టేశాడు.

బాబాయి గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. "ఆ ఆరు పేజీలూ ఎవరిచేతా చదివించలేదండి. కళ్ళు తడిస్తే నంబరు తప్పుతుంది."

"ఇంతకీ ఎక్కుతుందా?"

బాబాయి కళ్ళజోడు తీశాడు. తుడవడం మొదలుపెట్టాడు. నేను తలవంచుకున్నాను.

"ఇప్పటికి నలభై మూడుసార్లు ఎక్కిందండి" అన్నాడు.

మందిరంలో అరవై కళ్ళజోళ్ళు దిగినవి. అధికారి కిటికీవైపు తిరిగి కొంతసేపు వీధిని తనిఖీ చేశాడు. తరువాత పద్దు తెరిచి, కార్యాలయపు భాషలో ఈ విధంగా వ్రాశాడు: "ఈ రచయిత గ్రంథములను ఊరివారు చదువుచున్నారు. పఠనము ఇంకను ముగియలేదు. ముగియని పఠనమును మధ్యలో ఆపుటకు ఉత్తర్వులో వీలు లేదు." సంతకం చేసి, వెళ్ళబోతూ, తన చూపు కూడా ఈమధ్య కొంత మందగించిందని ఎవరినీ ఉద్దేశించకుండా అన్నాడు.

నేను చెప్పడం మరచినది ఒకటున్నది. ఆ శనివారం నెలలో మొదటి శనివారం. తొమ్మిదవ కుర్చీలో, స్తంభం చాటున, మూడో అంతస్తు పిన్నిగారు మొదటినుండి చివరిదాకా కూర్చునే ఉన్నారు.

సోమవారం నాడు ఆవిడ మళ్ళీ వచ్చారు. చేతిలో తాడు కట్టిన టైపు కాగితాల కట్ట ఒకటి. నా బల్ల ఎదుట కూర్చుని, ఆరవ నవల తెప్పించి, మొదటి పేజీలో రచయిత పేరు కింద చిన్నక్షరాలలో ఉన్న అనువాదకురాలి పేరు చూపించారు.

"అది నేనే నాయనా. పెళ్ళికి ముందరి ఇంటిపేరు."

నేను లేచి నిలబడ్డాను. ఇన్నేళ్ళూ ఆవిడకు కుర్చీ చూపించినవాణ్ణి కానని అప్పుడు స్ఫురించింది. ఓడల కంపెనీలో ఆ దేశపు ఉత్తరాలు చూసి చూసి ఆ భాష పట్టుబడిందట. భర్త పోయిన తరువాత ఒంటరితనం గడవక అనువాదాలు చేశారట. అచ్చయినవి. గ్రంథాలయం కొన్నది. ప్రతినెలా వచ్చి చూస్తే తేదీల చీటీ ఖాళీగా ఉండేదట.

"పదకొండేళ్ళ కిందట అద్దాలు మార్పించుకోవడానికి వెళ్ళాను. మాటల్లో అడిగాను, నా పుస్తకాలు ఆరు ఉన్నాయి బాబూ, ఎవరైనా చదువుతారంటావా అని. నోట్లో మరలు పెట్టుకుని ఫ్రేము బిగిస్తున్నాడు. 'ఎందుకు చదవరండీ, మొన్న ఇక్కడే ఎవరో వాటి గురించి మాట్లాడుకున్నారు' అన్నాడు. అంతకు రెండురోజుల ముందే చీటీ చూసి వచ్చాను నేను. ఒక్క తేదీ లేదు."

ఒక్క అబద్ధం ఆడి, దానిని నిజం చేయడానికి ఆ మనిషి పదకొండేళ్ళు పాటుపడ్డాడని నాకు మెల్లగా బోధపడింది.

"ఆయన చేసే పని మీకెప్పుడు తెలిసిందండీ?"

"మొదటి చుట్టులోనే." ఆవిడ పుస్తకం తెరిచి అంచు నా వైపు తిప్పారు. నాకు స్పష్టంగా కనిపించలేదు. భూతద్దం పెట్టాను. ప్రతి పేజీ అంచునా, పేజీ తిప్పేచోట, బొటనవేలి ముద్ర. ఎర్రపొడి. "ఆరు చీటీల మీదా తేదీలు పడ్డాయి. వేలు ఒక్కటే. తర్వాత తర్వాత తేదీలు వందలయ్యాయి. వేలు మాత్రం మారలేదు."

"ఒక్కమాట అనకపోయారా ఆయనతో?"

"అంటే మానేస్తాడని భయం." ఆవిడ నవ్వారు. "ముందు నాకోసం చదివాడు. రెండో చుట్టు నుంచీ తనకోసమే చదువుతున్నాడు. వేలిముద్రలు చెప్తాయి. ఆ చివరి ఆరు పేజీలు చూడు, ముద్ర మీద ముద్ర పడి కాగితమే ఎర్రబడింది. పాపం, ఆ పిల్లని ఎన్నిసార్లని ఎక్కిస్తాడు?"

ఆవిడ కాగితాల కట్ట నా ముందుకు జరిపారు. ఆ మహానుభావుడు చివరిదశలో వ్రాసిన ఏడవ నవల. ఎవరు చదువుతారని ఒకప్పుడు వదిలేశారట. ఒక పాఠకుడున్నాడని తెలిసిన తరువాత మళ్ళీ ఎత్తుకున్నారు. తొమ్మిదేళ్ళు పట్టింది. నేను దానికి అట్ట వేయించి, అంకె అంటించి, నోరుమూసుకుని అరలో పెట్టాలి. ఎవరు ఇచ్చారో బాబాయికి చెప్పకూడదు. అంకె మాత్రం ఈసారి సరిగా అంటించమన్నారు. ఆ సంగతి ఊరంతటికీ తెలుసునన్నమాట.

"7" అని భూతద్దంతో మూడుమార్లు సరిచూసి అంటించాను.

బాబాయి తరువాతి చుట్టుకు మొదటి నవల కోసం వచ్చాడు. అర ముందు నిలబడి చాలాసేపు కదలలేదు. ఏడవదానిని రెండుచేతులతో తీసుకువచ్చి నా బల్లమీద పెట్టాడు. నేను తేదీ వేశాను. నాలుగు రోజులు దుకాణం తెరవలేదు. తలుపుకు ఏ అట్టా లేదు. ఎవరు పోయారోనని అక్కయ్యగారు రొట్టె సిద్ధం చేసుకున్నారు. నేను కుండీకి నీళ్ళు పోయడానికి ఆదివారం దాకా ఆగలేకపోయాను.

అయిదవనాడు వచ్చాడు. గడ్డం పెరిగింది. కళ్ళజోడు తీశాడు. తుడిచాడు. మళ్ళీ తుడిచాడు.

అలవాటు చొప్పున అడిగాను. "ఎక్కిందా?"

"దిగింది, మాస్టారూ."

కళ్ళజోడు పెట్టుకున్నాడు. అప్పుడు అన్నాడు: "జుట్టంతా నెరిసిపోయింది. ఆ నల్లకోటుతోనే దిగింది. వాడు రేవులో వల అల్లుతున్నాడు. ఈసారీ ఆ మాట అనలేదు వెధవ. 'చలిగా ఉంది, లోపలికి రా' అన్నాడు. సరిపోయింది."

పుస్తకం నా చేతికిస్తూ, పని గుర్తుకు వచ్చినవాడివలె ఆగాడు. "ఇది టైపు చేసినవాళ్ళకి ఎడమకంటి అద్దం మార్చాలి మాస్టారూ. చివరి అధ్యాయంలో తప్పులు పెరిగాయి. వరస కుడివైపుకి ఒరుగుతోంది. నంబరు నాకు అందిపోయింది. అద్దం సానపెట్టేశాను."

"ఎవరికయ్యా?"

"ఎవరికో. వాళ్ళే వస్తారు. నాకు తెలిసినట్టు వాళ్ళతో అనకండి."

ఆయనకు తెలుసునని ఆవిడకు చెప్పనని మాట ఇచ్చాను. ఆవిడకు తెలుసునని ఆయనకు చెప్పనని అంతకు మునుపే ఇచ్చి ఉన్నాను. చెప్పనని ఇచ్చానే గాని, వ్రాయనని ఇద్దరికీ ఇవ్వలేదు.

వెళ్ళబోతూ బాబాయి వెనుక అట్ట తెరిచి చూశాడు. తేదీల చీటీలో ఒకే ఒక తేదీ. ఆ తెల్లటి గడులు ఆయన సహించలేకపోయాడు. "మొదటి పేజీకి ఎవరో ఒకరు కావాలి కదండీ" అని నా వైపు చూశాడు. నాకు చత్వారం లేదనీ, ఆనాడు అంకెలు తారుమారైనది పని ఒత్తిడివల్లననీ చెప్పడానికి నోరు తెరిచాను. గ్రంథపాలకుడిగా చేరిన తరువాత మొదటిసారి, నాకు నేనే ఒక కార్డు నింపుకున్నాను.

ఆ ఆదివారం పదిగంటలకు ఆయన వీధిలో నడవలేదు, నేను కుండీకి నీళ్ళు పోయలేదు. ఆయన దుకాణంలో రెండవ కుర్చీలో కూర్చున్నాను. మొదటి పేజీ పైకి చదివాను. పేజీ చివర ఓడ రేవుకు కనుచూపు దూరంలో ఉన్నది, వాక్యం సగంలో ఆగినది. నాకు జోడు కుదిరింది. అక్షరాలు అంత నల్లగా ఉంటాయని అంతవరకు తెలియదు.

రెండవ పేజీ ఎవరిదో నాకింకా తెలియలేదు. చత్వారం వచ్చినవారు, వచ్చిందేమోనని అనుమానమున్నవారు, రాలేదని వాదించేవారు దయచేసి మా గ్రంథాలయానికి రావలసినదిగా కోరుతున్నాను. ఇప్పుడు పన్నెండు కుర్చీలున్నవి.